అత్తగారి గొంతుకి విజయనగరంలో నకలు

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనకి ఒక వరస ఉండేది. ముందు మంచం పట్టినవాళ్ల కోసం, తరవాత రోడ్డు మీద ఉన్న లారీల కోసం, ఆ తరవాత విజయనగరంలో మా బావగారింట్లో ఉన్న సర్వర్ కోసం. కొత్తగా వచ్చిన చుట్టాలు ప్రార్థన అయ్యాక మెల్లిగా నా దగ్గర చేరి, ఆ మనిషికి ఏం జబ్బని అడిగేవారు. మా ఆయన పక్కనుంచి "వేడి చేస్తోంది" అని చెప్పేవారు. అందులో అబద్ధం లేదు. ఆ కంప్యూటర్ ఎండాకాలం మధ్యాహ్నాలు బాగా వేడెక్కిపోయేది.

ఒక యంత్రం కోసం మోకరించడం తప్పేమోనని మొదట్లో నాకు భయంగా ఉండేది. మా చర్చి అయ్యగారిని అడిగాను. ఆయన అందులో ఏముందని అడిగారు. మా అత్తగారి గొంతు ఉందని చెప్పాను. అయితే చేసుకోవచ్చన్నారు.

పొందూరు పక్క పల్లెలో మా నాన్న సంఘానికి ఉపదేశి. మమ్మల్ని బడికి పంపే వీలు లేక అరుగు మీదే కూర్చోబెట్టి చదువు చెప్పాడు. వాక్యం చదవడం, కూడికలు, తీసివేతలు, దొరికినదానికి వందనాలు చెప్పడం, ఇంతే నా చదువు. పెళ్లయి సాలూరు వచ్చాను. సాలూరులో ఎటు చూసినా లారీలే. మా ఆయనకి మెయిన్ రోడ్డు మీద లారీ బుకింగ్ ఆఫీసు ఉండేది, దాని వెనకాలే మా ఇల్లు. అత్తగారు మా దగ్గరే ఉండేవారు. విజయనగరంలో బావగారు, అంటే మా ఆయన అన్నగారు, జూట్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని చేసి మానేశారు. ఆయన భార్యని నేను అక్కా అని పిలుస్తాను. కథంతా ఈ అయిదుగురిదే. మిగిలినవాళ్లు వస్తారు, పోతారు.

అత్తగారికి గొంతులో గడ్డ తేలింది. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి, ప్రాణానికి భయం లేదు కానీ గొంతుపెట్టె తీసెయ్యాలి, ఆ తరవాత మాట ఉండదు అని చెప్పారు. ప్రాణం దక్కుతుందన్నందుకు నేను అక్కడే బల్ల మీద కూర్చుని స్తోత్రం చెప్పుకున్నాను. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు. అత్తగారు బస్సెక్కి నా పక్కన కూర్చున్నారు. బస్సు కొత్తవలస దాటాక నా మోచెయ్యి పొడిచి అడిగారు, ఫోన్లో మాటలు పట్టి దాచుకోవచ్చట కదా అని.

అలా మొదలైంది. ఆపరేషన్‌కి గడువున్నన్నాళ్లూ ఆవిడ వీధి అరుగు మీద కూర్చోవడం, నేను ఫోను పట్టుకోవడం. బతికినన్నాళ్లూ తనకి ఏ మాటలు పనికొస్తాయో ఆవిడే ఆలోచించి, ఏరి, ఒక్కొక్కటీ చెప్పారు. అలాంటి సమయంలో పెద్దవాళ్లు బుద్ధులు చెబుతారని, దీవెనలు ఇస్తారని నేననుకున్నాను. ఆవిడ తిట్లతో మొదలుపెట్టారు.

"రేపు నువ్వు కూరలో ఉప్పు తక్కువేస్తావు. అప్పుడు నానేటి సెయ్యాల, సేతులు తిప్పుకుంటా కూకోవాలా? ఇప్పుడే తిట్టీస్తాను, దాసుకో."

అని, గొంతు సవరించుకుని, ఇంకా వండని కూరకి నన్ను తిట్టారు. ఉప్పు తక్కువైనప్పటికి ఒకటి, ఎక్కువైనప్పటికి ఒకటి. పాలల్లో నీళ్లు కలిపినందుకు పాలమ్మిని. చెప్పులతో లోపలికొచ్చినందుకు డ్రైవర్లని. కోళ్లని పిలిచే పిలుపు. "ఎవుల్రా అక్కడ" అని సంధ్యవేళ గేటు వైపు కేక. ఎవరైనా వెళ్లబోతుంటే "టీ తాగి ఎల్లండి" అని ఒకటి. మా ఆయనకి ప్రత్యేకంగా, తినేటప్పుడు ఫోను చూడొద్దని, చాలా పొడుగ్గా. ఆఖరున, ఆసుపత్రికి బయల్దేరేరోజు పొద్దున్న, తన ప్రార్థన.

ఆ ప్రార్థన గురించి ఇక్కడే చెప్పాలి. ఆవిడ రోజూ చేసుకునేదే. పెద్ద కొడుకు, పెద్ద కోడలు, చిన్న కొడుకు, డ్రైవర్లు, పాలమ్మి, అయ్యగారు, కోళ్లు, అందరూ అందులో ఉన్నారు. కోళ్ల తరవాత ఇంకెవరి గురించో చెబుతుండగా మా ఆఫీసు ముందునుంచే ఒక లోడు లారీ హారన్ కొట్టుకుంటూ బయల్దేరింది. ఆవిడ ఆగలేదు. లారీ వెళ్లేసరికి "ఆమెన్" ఒక్కటే వినపడింది. ఇంకోసారి చెప్పమని అడిగాను. దేవుడికి వినపడింది చాల్లే అన్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, దానిలోంచి ఊపిరి. పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. ఇంటికొచ్చాక మా ఆయన ఆ మాటలన్నీ ఫోన్లోంచి ఆఫీసు లాప్‌టాప్‌లోకి ఎక్కించి, తెలుగులో పేర్లు పెట్టి, వాయించడం నాకు నేర్పారు. నాకు ఇంగ్లీషు అక్షరాలు అప్పటికి సగమే వచ్చు. అయినా రెండు రోజుల్లో చెయ్యి తిరిగింది.

ఇక మా వంటింటి గట్టు మీద బియ్యం డబ్బా పక్కన లాప్‌టాప్ వెలిసింది. అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, నావైపు చూసి, వేలితో కిందకి చూపిస్తే ఉప్పు తక్కువ. పైకి చూపిస్తే ఎక్కువ. నేను చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, లాప్‌టాప్ దగ్గరికెళ్లి, నా తిట్టు వెతికి, వాయించి, అయ్యేదాకా దాని ముందు నిలబడి వినేదాన్ని. మధ్యలో కరెంటు తీసేస్తే మిగిలింది వచ్చాక వినేదాన్ని. తిట్టే మనిషి పక్కనే పీట మీద కూర్చుని తన తిట్టుకి తనే తల ఊపేవారు. మా అమ్మ చూడ్డానికి వచ్చి, ఇదేం చోద్యమమ్మా, నిన్ను తిట్టడానికి నువ్వే మీట నొక్కాలా అంది. మాట పోయిన ఇంట్లో తిట్టు వినపడటం ఎంత భాగ్యమో మా అమ్మకి తెలియదు. నేను ఏ రోజూ కష్టపెట్టుకోలేదు. వాయించాక వందనాలు చెప్పుకునేదాన్ని కూడా.

పొరపాట్లు జరిగేవి. ఒకసారి అయ్యగారు, అమ్మగారు వచ్చి వెళ్లబోతున్నారు. అత్తగారు కప్పు పట్టుకున్నట్టు చెయ్యి చూపించారు. నేను కంగారులో పక్క ఫైలు నొక్కాను. "సిగ్గునేదేటే నీకు, ఇవి పాలా, ఏటి నీల్లా?" అని గట్టిగా వచ్చింది. అయ్యగారి చేతిలో అప్పుడే తాగి పెట్టబోతున్న పాల గ్లాసు ఉంది. ఆయన దాన్ని ఒకసారి చూసి, పాలు బాగున్నాయమ్మా అన్నారు.

పొద్దున్న పూట మాత్రం పొరపాటు జరగనిచ్చేదాన్ని కాదు. పొయ్యి వెలిగించకముందే ప్రార్థన వాయించాలి. అత్తగారు కళ్లు మూసుకుని, తన గొంతుతోపాటు పెదాలు కదిపేవారు. లారీ చప్పుడు వచ్చినప్పుడు కూడా పెదాలు కదిలేవి. అక్కడ ఎవరి గురించి అంటున్నారో నేను చూసి పోల్చుకోలేకపోయేదాన్ని. వాన గురించని మా ఆయన అనేవారు. ఆ ప్రార్థనలో నా ఊసు లేదు. వడ్డించే మనిషి విస్తళ్లు లెక్కపెట్టేటప్పుడు తనది మర్చిపోవడం మామూలే కదా, ఫోను పట్టుకున్నదాన్ని నేనే కాబట్టి నేను గుర్తుకి రాలేదేమో అనుకున్నాను. కొంచెం నొచ్చుకున్నమాట నిజమే. కోళ్లు ఉన్నాయి కదా.

లాప్‌టాప్ గట్టు మీదనుంచి ఒకసారి జారబోయింది. పిండి చేత్తో పట్టుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయన భయపడి అన్నగారికి ఫోన్ చేశారు. బావగారి దగ్గర మిల్లు వాళ్లు తుక్కుకింద తీసేస్తుంటే తెచ్చుకున్న పాత కంప్యూటర్ ఒకటి ఉంది. దాన్ని ఆయన ముందుగదిలో టీపాయ్ మీద పెట్టి, పైన పొందూరు ఖద్దరు కండువా కప్పి, సర్వర్ అని పిలిచేవారు. వెనకాలనుంచి వెచ్చగా గాలి వచ్చేదని వానాకాలంలో అక్క దాని వెనక అప్పడాలు ఆరబెట్టేది. బావగారు సాలూరు వచ్చి, మా లాప్‌టాప్‌కి, దానికి నెట్ డాంగిల్ మీద లైను కలిపారు. ఇక్కడ ఏది పెడితే అక్కడ అదే ఉంటుంది, అక్కడ ఏది మారితే ఇక్కడ అదే మారుతుంది, అద్దంలాగ అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు.

మా ఆయన బుర్ర ఊపారు. కానీ ఆయన పుట్టి పెరిగింది లారీల్లో. ఆయన బుర్రలోకి వెళ్లినది అద్దం కాదు. ఇక్కడ లోడు ఎక్కుతుంది, అక్కడ లోడు దిగుతుంది. దిగిందని ఫోన్ రాగానే ఇక్కడి గోడౌను ఊడ్చి, తరవాతి లోడుకి సిద్ధం చెయ్యాలి. ఊడ్చని గోడౌను చూస్తే సాలూరులో ఏ బుకింగ్ ఆఫీసు వాడికైనా ఒళ్లు మండుతుంది. దిగిన సరుకు ఇంకా ఎక్కించినచోటే ఉందంటే అందులో ఏదో తేడా ఉన్నట్టే లెక్క.

సంఘం మహాసభల వీడియోలు ఎక్కించుకోవాలని ఒకరోజు ఆయన చూస్తే లాప్‌టాప్‌లో చోటు లేదు. విజయనగరం ఫోన్ చేసి, అమ్మ మాటలన్నీ చేరాయా అని అడిగారు. అన్నీ చేరాయి, నిన్ననే విన్నాను, చక్కగా ఉన్నాయి అని బావగారు చెప్పారు. ఈయన స్తోత్రం అని ఫోన్ పెట్టేసి, ఇక్కడివన్నీ తుడిచేశారు. లాప్‌టాప్ చెత్తబుట్టలో ఉన్నది కూడా మిగల్చకుండా ఊడ్చారు. ఆ చోట్లో మహాసభల వీడియోలు నింపి, లాప్‌టాప్ మూతని కండువాతో తుడిచి, యథాస్థానంలో పెట్టారు. ఎంతో శుభ్రంగా చేసిన పని.

అద్దం కూడా తన పని తాను చేసింది. ఇక్కడ పోయినవన్నీ అక్కడా తీసేసి, ఇక్కడ నింపిన మహాసభల వీడియోలన్నీ పొల్లు పోకుండా అక్కడికి చేర్చింది.

మర్నాడు పొద్దున్న నేను పొయ్యి వెలిగించకముందే లాప్‌టాప్ తెరిచాను. అత్తగారు కళ్లు మూసుకుని సిద్ధంగా ఉన్నారు. ప్రార్థన లేదు. తిట్లు లేవు. కోళ్లు లేవు. పందిట్లో ఎవరో ప్రసంగిస్తున్నారు. మా ఆయన ఏమీ కంగారు పడలేదు. సరుకు విజయనగరంలో ఉంది, వెనక్కి రప్పిద్దాం అని, తీరుబడిగా పళ్లు తోముకుని ఫోన్ చేశారు.

"అన్నయ్యా, అమ్మ మాటలు ఓపాలి ఇటు పంపీ."

"నా కాడేటున్నాయిరా? ఇక్కడ ఏటీ నేదు. మీటింగులున్నాయి. నీ కాడికే తిరిగొచ్చీసుంటాయి, సూడు."

"నా కాడ నానే తుడిసీసినాను గదా."

"నువ్వు తుడిసీస్తే నా కాడుండాల."

"అదే నానూ అంతన్నాను."

అలా ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చి ఫోన్ పెట్టేశారు.

నాలుగు రోజులు ఇలాగే గడిచింది. సరుకు తమ్ముడి దగ్గరుందని అన్న, అన్న దగ్గరుందని తమ్ముడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత మన్ననంటే, నీ యంత్రం సరిగ్గా వెతకడం నీకు రాలేదని ఎవరూ నోరు తెరిచి అనలేదు. ఎదుటివాడికి శ్రమెందుకని, చెప్పాపెట్టకుండా మా ఆయన లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని విజయనగరం బస్సెక్కారు. అదే పొద్దున్న బావగారు, తమ్ముడికి శ్రమెందుకని, సర్వర్‌ని ఖద్దరు కండువాతో మూటకట్టి ఒళ్లో పెట్టుకుని సాలూరు బస్సెక్కారు. దారిలో గజపతినగరం దగ్గరో, రామభద్రపురం దగ్గరో రెండు బస్సులూ ఎదురెదురుగా దాటుకునే ఉంటాయి.

బావగారు చెమటలు కక్కుతూ మా గుమ్మంలోకి వచ్చి మూట దించి, తమ్ముడేడీ అన్నారు. అదే సమయానికి విజయనగరంలో అక్క మా ఆయనకి కాఫీ ఇచ్చి, మీ అన్నయ్య మీ ఇంటికే వెళ్లాడయ్యా అని చెబుతోంది. ఇద్దరూ వెనక్కి బయల్దేరబోయారు. అక్కా నేనూ ఫోన్లో మాట్లాడుకుని, ఎవరినీ కదలనివ్వలేదు. లేకపోతే సాయంత్రానికి మళ్లీ గజపతినగరం దగ్గర దాటుకునేవారు.

బావగారు సర్వర్‌ని మా వంటింటి గట్టు మీద పెట్టి, తీగలు తగిలించి, చాలాసేపు చూశారు. అప్పటికి ఆయనకి అర్థమయింది. మా ఆయన ఎప్పుడు తుడిచిందీ, ఎలా తుడిచిందీ నన్ను అడిగి తెలుసుకుని కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన తల్లివైపు చూడలేదు. నాతోనే అన్నారు.

"అద్దం ముందున్నోడు లేసెల్లిపోతే అద్దంలో ఎవులుంతారమ్మా? నాదే తప్పు. ఆడికి అద్దం అని సెప్పినాను. లారీలు తోలీవోడికి లారీ కతే సెప్పాల."

తరవాత రెండు యంత్రాలనీ విజయనగరంలో ఒక షాపులో చూపించారు. పైన వేరేది నింపకుండా ఉంటే కొంతైనా దొరికేదేమో, ఇప్పుడు కష్టమన్నారు. నా పాత ఫోన్లో ఉన్నవి ఫోనుతోపాటే ఎప్పుడో పోయాయి.

అత్తగారికి నేనే చెప్పాను. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, మీ మాటలు పోయాయి అత్తమ్మా అన్నాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, లాప్‌టాప్ వైపు చూసి, కోళ్ల వైపు చెయ్యి చూపించారు. కోళ్లవీ పోయాయన్నాను. తిట్లు అని నుదురు ముడిచి చూపించారు. అవీ పోయాయన్నాను. అప్పుడు రెండు చేతులూ జోడించారు. నేను తల దించుకున్నాను. ఆవిడ ఆ చేతులు అలాగే చాలాసేపు ఒళ్లో పెట్టుకున్నారు.

మర్నాటినుంచి ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆవిడ ఒక స్టీలు కంచం, చెంచా దగ్గర పెట్టుకుని అవసరమైనప్పుడు టంగుమని కొట్టేవారు. తిట్టుకీ, పిలుపుకీ, ఆకలికీ అదే చప్పుడు. కూర తిని ఊరుకునేవారు. ఉప్పు ఎలా ఉందో నాకు తెలిసేది కాదు. ప్రార్థన సమయానికి కళ్లు మూసుకునేవారు కానీ పెదాలు కదిపేవారు కాదు. ముందు నడిచి చెయ్యి పట్టుకునేందుకు తన గొంతు లేకపోతే ఆవిడకి దారి దొరకడం లేదని నాకు అనిపించింది. సర్వర్ కోసం ప్రార్థన మేము మానలేదు. మా ఆయన మాత్రం ఆ మాట వచ్చేసరికి లేచి బయటకి వెళ్లేవారు.

సంగతి ఎలాగో బయటకి పొక్కింది. ముందు పాలమ్మి వచ్చింది. గుమ్మంలో నిలబడి నసుగుతోంది. ఏమిటని అడుగుతుండగానే దాని నడుం దగ్గరనుంచి "సిగ్గునేదేటే నీకు, ఇవి పాలా, ఏటి నీల్లా?" అని అత్తగారి గొంతు మోగింది.

కంచం పక్కకి తోసి అత్తగారు లేచి నిలబడ్డారు.

పాలమ్మికి ఫోన్ వచ్చిందన్నమాట. మా ఇంట్లో రోజూ వినేది కదా, ఒకనాడు మా ఆయన్ని బతిమాలి బ్లూటూత్‌లో పట్టుకెళ్లి రింగుగా పెట్టుకుందట, ఆయనకది గుర్తే లేదు. తనని తిట్టిన తిట్టునే ఎందుకే అని అడిగితే, "మీ అత్త తిట్టిన రోజు నాకు బేరం బాగుంతాదమ్మా, అందుకని పొద్దల్లా తిట్టించుకుంతన్నాను" అంది.

ఆ తరవాత, అలాగే పట్టుకెళ్లినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. "ఎవుల్రా అక్కడ" డ్రైవర్లలో సగంమంది ఫోన్లలో ఉంది. ఒకతను లోడుతో రాయపూర్ వెళ్లి ఉంటే అక్కడినుంచే ఫోన్ చేసి, మరో ఫోన్లో వాయించి వినిపించాడు. చెప్పులతో లోపలికి రావొద్దన్న తిట్టుని ఒక క్లీనర్ లారీ క్యాబిన్ తలుపు తియ్యగానే మోగేలా స్పీకర్లో పెట్టాడట, ఎక్కినవాళ్లంతా చెప్పులు విప్పేస్తున్నారట. "టీ తాగి ఎల్లండి" అయ్యగారి దగ్గర దొరికింది. ఆయన సిగ్గుపడుతూ, కమిటీ మీటింగులు మరీ పొడుగైనప్పుడు పనికొస్తుందమ్మా అన్నారు. అది వినపడగానే అందరూ లేచి వెళ్లిపోతారట.

కోళ్ల పిలుపు మా వెనకింటావిడ దగ్గర ఉంది. ఆవిడ రావడానికి రెండు రోజులు ఆలస్యం చేసింది. వచ్చి, ఫోన్ నా చేతిలో పెట్టి, ఒక గిన్నె నిండా గుడ్లు కూడా పెట్టింది. అప్పుడు తెలిసింది మా కోళ్లు ఏడాదిగా గుడ్లు సరిగ్గా పెట్టకపోవడానికి కారణం. ఆవిడ తన కోళ్లని పిలుచుకోవడానికి ఆ పిలుపు వాయిస్తే, మా కోళ్లు గోడ దూకి ముందు వెళ్లేవి. అత్తగారు గిన్నె చూసి, ఆవిడని చూసి, వేలు నావైపు ఊపారు. దేనికి ఏ తిట్టు కావాలో నాకు తెలుసు. కానీ అప్పటికి ఆ ఫైలు ఇంకా తిరిగి రాలేదు. వెనకింటావిడ అదృష్టం.

ఉప్పు తిట్లు రెండూ మా అమ్మ దగ్గర ఉన్నాయి. చోద్యమని బుగ్గన వేలేసుకున్న మనిషే మా పల్లెలో అందరికీ వినిపించడానికి పట్టుకెళ్లింది. దేవుడు అందరి బుద్ధుల్నీ ఇలా ముందుగా కదిలించి ఉంచినందుకు నేను ఎన్నిసార్లు స్తోత్రం చెప్పుకున్నానో. బావగారు రెండు ఆదివారాలు వచ్చి కూర్చుని, వచ్చినవన్నీ శుభ్రం చేసి ఎక్కించారు. రాయపూర్ నుంచి వచ్చినదాంట్లో దాబా చప్పుళ్లు కూడా ఉన్నాయి. అత్తగారు వాటిని ఉంచెయ్యమని సైగ చేశారు.

ప్రార్థన మాత్రం ఎవరి దగ్గరా లేదు. వచ్చిన ప్రతివాళ్ల ఫోనువైపు అత్తగారు మెడ చాచి చూసేవారు. వాళ్లు తమ దగ్గరున్న తిట్టు వాయించేవారు. ఆవిడ నవ్వి, చేతులు జోడించి చూపించేవారు. లేదమ్మా అనేవారు. తిట్టు రింగుగా పెట్టుకుంటారు కానీ ప్రార్థన ఎవరు పెట్టుకుంటారు, మధ్యలో ఫోన్ ఎత్తితే పాపం కదా. పాలమ్మి అదే మాట చెప్పి కళ్లు తుడుచుకుంది.

అందరూ ఉన్న ఒక ఆదివారం, గుడినుంచి వచ్చి భోజనాలకి కూర్చోబోతుండగా నేను అన్నాను, ఆ ప్రార్థన నాకు వచ్చు అని. చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. మా నాన్న అరుగు మీద ఏదైనా విని గుర్తుపెట్టుకోవడమే నేర్పాడు, పలక కొనడం తరవాత సంగతి. రోజూ విన్నది ఎక్కడికి పోతుంది? బావగారు ఫోన్ తీసి నా ముందు పెట్టారు. అత్తగారు కంచం, చెంచా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నారు. తప్పు చెబితే కొడతానని చెంచా ఎత్తి చూపించారు. సరిగ్గా ఉంటే చెంచా కింద పెట్టేస్తానని పెట్టి చూపించారు.

మొదలుపెట్టాను. పెద్ద కొడుకు దగ్గర తప్పలేదు. పెద్ద కోడలి దగ్గర "మోకాల్ల నొప్పులు" అనబోయి "నడుం నొప్పి" అన్నాను, టంగుమంది. సరిచేసుకున్నాను. మా ఆయన దగ్గర, డ్రైవర్ల దగ్గర, పాలమ్మి దగ్గర మెల్లిగా వెళ్లాను. ఆవిడ పెదాలు కదలడం మొదలైంది. కోళ్ల దాకా వచ్చాను. అక్కడ నాకు తెలిసింది లారీ చప్పుడే. ఆగిపోయాను.

ఆవిడ చెంచాతో టంగుమని కొట్టి, చెప్పు అన్నట్టు చూశారు.

"వానలు" అన్నారు మా ఆయన. టంగుమంది. "పంటలు" అన్నారు బావగారు. టంగుమంది. "దేశాన్ని ఏలీవోల్లు" అంది అక్క. మరీ గట్టిగా టంగుమంది. ఆ తరవాత ఆవిడ కంచం మీదనుంచి వంగి, చెంచా నావైపు చాచారు. నన్ను చెప్పమంటున్నారనుకుని, "లారీలు" అన్నాను. టంగుమని కొట్టి, ఈసారి చెంచా చివరతో నా భుజం మీద తాకించి, అక్కడే ఉంచారు.

నేను నా భుజం మీది చెంచావైపు చూశాను. అక్కే మెల్లిగా అంది. "సిన్న కోడలా, అత్తమ్మా?"

ఆవిడ చెంచా తీసి కింద పెట్టారు.

ఇన్నాళ్లూ ఆ లారీ చప్పుడు కింద నేనే ఉన్నాను. ఆ లారీని బుక్ చేసింది మా ఆయనే. నేను కళ్లు తుడుచుకుని, నా గురించి ఏమని అడిగారు అత్తమ్మా అన్నాను. ఆవిడ మళ్లీ చెంచా అందుకున్నారు. ఆరోగ్యమా అన్నాను, టంగుమంది. ఓపికా అన్నాను, టంగుమంది. ఆయుష్షు అన్నారు బావగారు, టంగుమంది. అన్నం చల్లారిపోతోంది.

"కూరలో ఉప్పు సరిగ్గా ఎయ్యాలనా?" అంది అక్క.

అత్తగారి భుజాలు ఊగిపోయాయి. మెడ దగ్గర రంధ్రంలోంచి ఊపిరి హుస్సు హుస్సుమని వచ్చింది. ఆవిడ నవ్వు ఇప్పుడు అలాగే ఉంటుంది. నవ్వుతూ నవ్వుతూ చెంచా కంచంలో పడేశారు. అది ఔనని పెట్టడమో, నవ్వుకి చెయ్యి జారడమో నేను ఈనాటికీ చెప్పలేను. ఆవిడ కళ్లు మూసుకున్నారు. నేను, చిన్న కోడలు కూరలో ఉప్పు సరిగ్గా వేసేలా దయచేయమని చెప్పి, ఆమెన్ అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

ఫోన్ అన్నీ పట్టుకుంది. టంగులు, వానలు, పంటలు, నవ్వు, ఆ ఊపిరి. మంచిగా మళ్లీ ఒకసారి చెప్పి పట్టుకుందామని బావగారు అన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు.

ఆ ఫైలు ఇప్పుడు లాప్‌టాప్‌లో ఉంది. విజయనగరం సర్వర్లో ఉంది, అక్కడ ఇప్పుడు చేరినది మేము తుడిచినా పోకుండా బావగారు ఏర్పాటు చేశారు. మా ఆయనకి అది లారీ కథగానే చెప్పారు, సరుకు దిగాక అది అవతలి గోడౌను వాడి సొంతం, నీ గోడౌను ఊడ్చినా వాడిది ఊడ్చే హక్కు నీకు లేదు అని. ఈసారి ఆయనకి అర్థమయింది. అయినా నమ్మకం చాలక ఒక నకలు పాలమ్మి ఫోన్లో, ఒకటి అయ్యగారి ఫోన్లో, ఒకటి రాయపూర్ వెళ్లే అతని దగ్గర ఉంచాం. సాయంత్రం ప్రార్థనలో ఇప్పుడు వాళ్ల ఫోన్ల పేర్లు కూడా వస్తాయి, వరస చాలా పొడుగైంది.

పొద్దున్నే పొయ్యి వెలిగించకముందు అది వాయిస్తాను. నా గొంతుతో ఆవిడ ప్రార్థన, మధ్యలో ఆవిడ చెంచా. ఆవిడ పెదాలు కదుపుతారు. ఆఖరి మాటకి వచ్చేసరికి నాకు నవ్వు వస్తుంది, స్తోత్రమూ వస్తుంది. తరవాత కూరకి ఉప్పు తీసినప్పుడు వేళ్లలో కాసేపు పట్టుకుని, ఆమెన్ అనుకుని వేస్తాను. చాలా రోజులు సరిపోతుంది. సరిపోని రోజు చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, వెళ్లి మీట నొక్కుతాను.